నాలుగో గడిలో వీరవేణి

సోమరాజులంక పౌరసేవా కార్యాలయం వరండాలో ఎనిమిది నెలలుగా ఒక పెద్ద అట్టపెట్టె నిలబడి ఉంది. ప్రజలు ఎవరి సాయమూ లేకుండా తమ అర్జీ తామే నమోదు చేసుకుని, తమ ధృవపత్రం తామే తీసుకుపోయే యంత్రం అందులో ఉందని చెబుతారు. ‘ఈ వైపు పైకి ఉండాలి’ అని రాసిన వైపు కిందికి ఉంది. అటెండరు దాని మీద క్యారేజీ పెట్టుకుంటాడు. వరసలో నిలబడి కాళ్లు లాగినవాళ్లు దానికి వీపు ఆనిస్తారు. ఆ రకంగా యంత్రం విప్పకముందే ప్రజలకు బాగానే పనికొస్తోంది.

పెట్టె విప్పకపోవడానికి సోమరితనం కారణం కాదు, సర్క్యులరు కారణం. యంత్రాన్ని ప్రజల ముందు పెట్టే ముందు, ప్రజలు యంత్రం ముందు ఎలా ప్రవర్తిస్తారో శాస్త్రీయంగా తెలుసుకోవాలట. అందుకు ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కంప్యూటరు లోపలే ఒక నమూనా మనిషి ఉంటాడు. అతను ఒక నమూనా యంత్రాన్ని వాడతాడు. ఎటు చూస్తాడు, ఎంతసేపు ఆలోచిస్తాడు, ఏ మీట పొరపాటున నొక్కుతాడు అన్నీ ముందే చెప్పేస్తాడు. అయితే అలాంటి సాఫ్ట్‌వేర్లలో ఏది మేలైనదో మొదట తేల్చాలి. అది తేలేదాకా పెట్టె విప్పకూడదు. అసలు మనుషుల్ని అసలు యంత్రం దగ్గరికి పోనిస్తే, మనుషుల గురించి చేసే అధ్యయనం పాడైపోతుందని ప్రధాన కార్యాలయం అభిప్రాయపడింది.

సర్క్యులరులో చివరి పేరా మాత్రం గుబ్బల వీరవేణి నాలుగుసార్లు చదువుకుంది. ‘ఎంపికైన సాధనం, ప్రజలు యంత్రమును స్వయముగా వాడగలరని ధృవీకరించిన మరుక్షణము కిటికీ సేవలు నిలిపివేయబడును.’

“సూపరెంటుగారండీ, కిటికీ సేవలంటే ఎవరండి?” అని అడిగింది.

సూపరింటెండెంటు కంచుమర్తి సత్యానందం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “కిటికీలో కూర్చునేది నువ్వే కదమ్మా,” అన్నాడు.

వీరవేణి ఆ కిటికీలో కాంట్రాక్టు ఆపరేటరుగా పదమూడేళ్ల నుంచి కూర్చుంటోంది. భర్త పోయిన తరువాత అత్తగారికీ, చదువుకుంటున్న కూతురికీ, తనకూ అన్నం పెడుతున్నది ఆ కుర్చీయే. అర్జీలో ముప్ఫై రెండు గడులున్నాయి. వాటిని ఆమె ఒకటి నుంచి మొదలుపెట్టి నింపదు. మనిషి కిటికీ దగ్గరికి రాగానే “మీరెవరి తాలూకండీ?” అంటుంది. వాళ్లు చెప్పుకుపోతుంటే ఊరూ, వీధీ, తండ్రి పేరూ, కులమూ ఆమె వేళ్ల కిందికి వచ్చేస్తాయి. ఆమె కళ్లు తెర మీద ఉండవు, మనిషి మొహం మీద ఉంటాయి. రెండు నిమిషాలు తిరక్కుండా కాగితం బయటికి వస్తుంది. ఈ పద్ధతి ఏ నిబంధనలోనూ లేదు గనుక పదమూడేళ్లలో దాన్ని ఎవరూ గమనించలేదు.

*

సాధనాల మదింపు సంఘానికి అధ్యక్షుడు డిప్యూటీ డైరెక్టరు దంతులూరి విజయరామరాజుగారు. ఆయన కంప్యూటరును గౌరవిస్తారు, ముట్టుకోరు. ఆయన బల్ల మీది కంప్యూటరుకు వచ్చిననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా ఉంది. నిష్పాక్షికత దృష్ట్యా అలాంటివారే అధ్యక్షులుగా ఉండడం మంచిదని పైవాళ్లు అనుకున్నారు.

“మనిషి అనేది మిక్కిలి అవ్యవస్థితమైన వ్యవస్థ,” అని ఆయన మొదటి సమావేశంలో సెలవిచ్చారు. “సదరు మనిషిని క్రమబద్ధీకరించి, పరిమితులకు లోబరచి, కొలవదగిన స్థితికి తీసుకురావడమే ఈ సంఘం యొక్క ప్రథమ కర్తవ్యం. టీ తెప్పించండి.”

మూడు కంపెనీలు మూడు సాధనాలు తెచ్చాయి. ‘మనోగతి’ అనేది మనిషి ఆలోచనను కొలుస్తుంది. ‘జనదర్శిని’ కంటి చూపును కొలుస్తుంది. ‘అంగుష్ఠ’ బొటనవేలు ఒక్కటే కొలుస్తుంది గాని, బొటనవేలి విషయంలో దానికి తిరుగులేదని కంపెనీ హామీ ఇచ్చింది.

మనోగతి తరఫున వచ్చిన టై కట్టుకున్నాయన తెర మీద బొమ్మ వేసి చూపించాడు. “మనిషి ఏ మీట నొక్కే ముందైనా ఒకటి పాయింటు మూడు అయిదు సెకన్లు ఆలోచిస్తాడండి. ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క.”

“ఏ మనిషైనా?” అన్నాడు సంఘంలో సభ్యుడైన సత్యానందం.

“ఏ మనిషైనా.”

“ఇంట్లో పోట్లాడి వచ్చినవాడైనానా?”

“ఆ సౌకర్యం తరువాతి వెర్షన్లో వస్తుందండి.”

విజయరామరాజుగారు సత్యానందం వైపు కటువుగా చూశారు. సంఘం సభ్యులు ప్రశ్నలు వేయరాదని ఎక్కడా లేదు, కాని వేసినవాళ్లు ఇంతవరకూ లేరు.

మూడు సాధనాలూ తమ తమ నమూనా మనుషుల్ని పరిగెత్తించి ఫలితాలు చెప్పాయి. మనోగతి మనిషి రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లలో ధృవపత్రం తీసుకున్నాడు. జనదర్శిని మనిషికి రెండు నిమిషాల పదహారు. అంగుష్ఠ బొటనవేలు రెండు నిమిషాల పదకొండులో పని ముగించి విశ్రాంతి తీసుకుంది. ఆ నమూనా మనుషుల చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఎవరి చంకలోనూ పిల్ల లేదు, ఎవరూ కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి రాలేదు, ఎవరి వెంటా అల్లుడు రాలేదు. చాయ్ తెచ్చే నెపంతో గుమ్మంలో నిలబడి చూసిన వీరవేణి ఇక కిటికీ మూసినట్టే అనుకుంది. అంత బుద్ధిమంతుల్ని ఆమె పదమూడేళ్లలో ఒక్కరిని కూడా చూడలేదు.

*

ఇక మిగిలింది తులనాత్మక పట్టిక. మూడు సాధనాల గుణగణాలూ పక్కపక్క గడుల్లో రాసి పైకి పంపాలి. ఆ కార్యాలయంలో తులనాత్మక పట్టికకు అచ్చు కాగితం ఒక్కటే ఉంది. ఇనప బీరువాలు కొన్న కాలంలో వేయించింది. అందులో పరిశీలనాంశాలు ముందే అచ్చయి ఉన్నాయి: బరువు, రంగు, తాళాల సంఖ్య, తుప్పు పట్టునా. సత్యానందం వేరే కాగితం తయారుచేయిస్తానంటే విజయరామరాజుగారు ఒప్పుకోలేదు. ఆమోదం పొందిన నమూనాను మార్చాలంటే మరో సంఘం వేయాలి. కాబట్టి మనోగతికి తాళాలు లేవనీ, అంగుష్ఠకు తుప్పు పట్టదనీ నమోదయింది.

చిక్కల్లా గడుల దగ్గర వచ్చింది. బీరువాలు కొన్నప్పుడు నలుగురు వర్తకులు పోటీపడ్డారు గనుక అచ్చు కాగితంలో నాలుగు గడులున్నాయి. సాధనాలు మూడే. గడి ఖాళీగా వదిలితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. కొట్టేస్తే, కొట్టివేతలు ఉన్న పట్టిక చెల్లదని ఇంకో అభ్యంతరం వస్తుంది. సత్యానందం ఒక పూటంతా ఆ ఖాళీ గడిని చూస్తూ కూర్చుని, చివరికి కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

“అమ్మా వీరవేణీ, యంత్రం పెడితే జనం ఏం చేస్తారంటావు? నీ అంచనా ఒకటి చెప్పు తల్లీ, గడి నిండుతుంది.”

వీరవేణి కిటికీలోంచి వరస వైపు చూసింది. “ఏం చెయ్యరండి. ముందు నిలబడతారు. అటూ ఇటూ చూత్తారు. దగ్గర్లో ఎవరుంటే ఆళ్ల చేతిలో కాయితం పెట్టి, బాబూ కాత్త నొక్కిపెట్టు అంటారు. ఆ నొక్కేవోడు లేకపోతే ఇంటికెళ్లిపోతారు.”

సత్యానందం అదంతా ‘వినియోగదారుడు పరిసరములను పరిశీలించి సహాయకుని కొరకు నిరీక్షించును’ అని రాసుకున్నాడు. సాధనం పేరు దగ్గర ‘జి. వీరవేణి’ అని వేశాడు. బరువు అడిగి రాసుకున్నాడు. రంగు తానే చూసి రాశాడు. తుప్పు పట్టునా అన్నచోట కాస్త తటపటాయించి ‘ఇంతవరకు లేదు’ అన్నాడు. మర్యాదస్తుడు. పట్టిక మీద తానూ, చదవకుండా సంఘంలోని మిగతా ఇద్దరూ సంతకాలు పెట్టారు, కాగితం పైకి వెళ్లిపోయింది.

పన్నెండు రోజులకు ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగు సాధనాల పట్టిక అందినదనీ, మొదటి మూడు సాధనాల ఫలితాలు ఒకదానినొకటి పోలి ఉండగా నాలుగవ సాధనం విశిష్టముగా ఉన్నదనీ, దాని గురించి ఈ క్రింది వివరములు కావలెననీ రాశారు. వెర్షన్ సంఖ్య ఎంత? ఏ ఏ భాషలలో పనిచేయును? ఎంత స్థలము ఆక్రమించును? మధ్యలో ఆగిపోయిన యెడల తిరిగి ప్రారంభించు విధానమేమి?

విజయరామరాజుగారు ఉత్తరం చదివి సత్యానందాన్ని పిలిపించారు. “ఎవరయ్యా ఈ జి. వీరవేణి? ఏ ఊరు కంపెనీ?”

“ఒకటో నంబరు కిటికీ అండి.”

విజయరామరాజుగారు మొహం మీద చెమట ఒత్తుకున్నారు. “ఇది పొరపాటు కదా?”

“ఒక్క సంతకం ఉంటే పొరపాటేనండి. మూడున్నాయి, ఒకటి తమది. ఇప్పుడది నిర్ణయం.”

ఆయన ఉత్తరం మడిచి సత్యానందం చేతికిచ్చి, “వివరములు పంపండి,” అన్నారు.

సత్యానందం వీరవేణిని కూర్చోబెట్టి విషయం చెప్పాడు. ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. “నేను మనిషినండి,” అంది.

“నాకు తెలుసమ్మా. కాని మనిషివని రాస్తే పట్టికలోంచి పోతావు. పట్టికలోంచి పోతే ఆ మూడింట్లో ఒకటి గెలుస్తుంది, కిటికీ మూసేస్తారు. సాధనంగా ఉన్నంతకాలం నీకో అవకాశం ఉంది. నువ్వే చెప్పు, ఏం రాయమంటావు?”

వీరవేణి కళ్లు తుడుచుకుంది. “పదమూడు అని రాయండి, వెర్షన్,” అంది.

*

పోటీ పరీక్షకు స్పెషలాఫీసరుగారు రాజధాని నుంచి స్వయంగా వచ్చారు. చక్కగా చదువుకున్న మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు, ప్రతి వాక్యంలోనూ ‘పరివర్తన’ అన్న మాట వాడతారు. ఆవిడ ఆజ్ఞతో ఆ ఒక్కరోజుకు పెట్టె విప్పడానికి అనుమతి లభించింది. తలకిందులుగా ఉన్న యంత్రాన్ని నలుగురు కలిసి తిప్పి నిలబెట్టారు. వరసలోంచి ఇరవై మందిని పిలిచారు. ఒక్కొక్కరూ యంత్రం ముందుకు పోయే ముందు, వాళ్లేం చేస్తారో సాధనాలు నాలుగూ చెప్పాలి.

మూడు సాధనాలూ మూడు ల్యాప్‌టాపుల్లో ఉన్నాయి. నాలుగోది కుర్చీలో, ఉతికిన చీరలో, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. స్పెషలాఫీసరుగారు దాని వైపు చూసి, “దీని ఇంటర్‌ఫేసు చాలా సహజంగా ఉంది,” అని మెచ్చుకున్నారు. తమ కార్యాలయం ఇంత పెద్ద తప్పు చేసిందని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం లేదు గనుక అందరూ తలలు ఊపారు.

మొదట గళ్ల లుంగీ పెద్దాయన వచ్చాడు. మూడు సాధనాలూ రెండు నిమిషాల పైచిలుకు అన్నాయి.

“ఆయన ముట్టుకోడండి,” అంది వీరవేణి. “చెప్పులిప్పి, దూరంగా నిలబడతాడు.”

పెద్దాయన గుమ్మం దగ్గర చెప్పులు వదిలి, యంత్రానికి మూడడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది మాట్లాడుతుందేమోనని కాసేపు చూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

రెండోది పచ్చచీర ఆవిడ. “వేలెట్టదండి ఆవిడ. షాకు కొడతాదని పమిట చెంగు చుట్టుకుని నొక్కుద్ది. అది పనిచెయ్యదు.” అక్షరాలా అలాగే జరిగింది. తెల్లచొక్కా ఆయన ఫోను నంబరు గడి దగ్గర ఆగి, సొంత నంబరు కనుక్కోవడానికి బావమరిదికి ఫోను చేస్తాడంది. చేశాడు. ఖద్దరు పంచె ఆయన విజయరామరాజుగారి బంధువు, యంత్రం జోలికే పోకుండా ఆయన గదిలోకి నేరుగా పోతాడంది. పోయాడు, లోపల్నుంచి కాఫీ కూడా తెప్పించుకున్నాడు. పదిహేడో మనిషి మాత్రం ఎవరినీ అడక్కుండా చకచకా మీటలు నొక్కి ధృవపత్రం తీసుకుంటాడని చెప్పింది. అతను కంప్యూటరు సెంటరు నడిపేవాడు. ఇరవైకి ఇరవై ఆమె చెప్పినట్టే జరిగాయి. మూడు సాధనాలకూ కలిపి ఒక్కటే దక్కింది, అది ఆ పదిహేడోవాడు.

స్పెషలాఫీసరుగారికి ఉత్సాహం వచ్చింది. “యంత్రం మీద నమ్మకం కలిగించడం మన బాధ్యత. నేనే స్వయంగా నమోదు చేసుకుంటాను,” అంటూ యంత్రం ముందు నిలబడ్డారు. ఒక చేతిలో ఫైలు, రెండో చేతిలో ఫోను. తెర మీద ‘ప్రారంభించుటకు తాకండి’ అని వస్తోంది. ఆవిడ చిరునవ్వుతో దాని వైపు చూశారు. తరువాత కుడివైపు చూశారు. తరువాత ఎడమవైపు చూశారు.

వీరవేణి కుర్చీలోంచి లేచి వెళ్లి, ఆవిడ తరఫున మీట నొక్కింది.

*

వారం రోజులకు ఎంపిక ఉత్తర్వులు వచ్చాయి. నాలుగవ సాధనము నూరు శాతము కచ్చితత్వము చూపినందున దానినే ఎంపిక చేయడమైనదని ఉంది. వీరవేణి ఆనందంతో సత్యానందానికి దండం పెట్టబోయింది. “పూర్తిగా చదవనీ తల్లీ,” అన్నాడాయన.

సాధనం తెలిపిన ఫలితం ఏమిటి? ఎవరో ఒకరు పక్కనుంటే తప్ప ప్రజలు యంత్రాన్ని వాడలేరని. ఆ ఫలితం గురించి ఉత్తర్వుల్లో ఒక్క ముక్క కూడా లేదు. సంఘానికి అప్పగించిన పని మేలైన సాధనాన్ని ఎంచడమే గాని, అది చెప్పింది వినడం కాదు. ఇంత మేలైన సాధనం దొరికినందున యంత్రాన్ని వెంటనే ప్రారంభించవచ్చుననీ, కిటికీ మూసివేయవచ్చుననీ రాశారు. సాధనాన్ని యంత్రం పక్కనే ఒక స్టూలు మీద అమర్చవలెను. వచ్చిన ప్రతి మనిషి గురించి అది ముందుగా రిజిస్టరులో అంచనా రాయవలెను. నెల రోజులు పరీక్షా కాలం. ఆ కాలంలో అయిదు తప్పులు వచ్చిన యెడల సాధనము లోపభూయిష్టమని భావించి తొలగించబడును. తప్పులు అయిదు లోపు ఉన్న యెడల శాశ్వత ప్రాతిపదికన స్థాపించబడును.

“శాశ్వతం!” అంది వీరవేణి. పదమూడేళ్లుగా ఆ మాట కోసమే ఆమె అర్జీలు పెట్టుకుంటోంది.

“ఇంకో షరతుంది,” అని సత్యానందం గొంతు తగ్గించి చదివాడు. “సాధనము ప్రజల ప్రవర్తనను అంచనా వేయవలెనే గాని, వారికి ఏ విధమైన సాయము చేయరాదు. సాయము చేసిన యెడల అంచనా కలుషితమగును.”

మర్నాటి నుంచి వీరవేణి స్టూలు మీద కూర్చుంది. కిటికీకి అట్ట అడ్డుపెట్టారు. వరస యంత్రం వైపు తిరిగింది. ఆమెకు ముక్కూ మొహం తెలిసిన జనమే. “ఏవమ్మాయ్ ఈరవేణీ, కాత్త నొక్కెట్టమ్మా,” అంటారు. ఆమె తల వంచుకుని రిజిస్టరులో ‘పేరు గడి దగ్గర ఆగును, తిరిగి వెళ్లును’ అని రాస్తుంది. వాళ్లు పేరు గడి దగ్గర ఆగుతారు. తొంభై సెకన్లు ఏ మీటా నొక్కకపోతే తెర మొదటికి వెళ్లిపోతుంది. వాళ్లు తిరిగి వెళ్లిపోతారు. సత్యానందం సాయంత్రం ఎర్రసిరాతో ‘ఒప్పు’ అని వేస్తాడు.

ఆమెకు ఆ నెలంత చేదు నెల ఇంకోటి లేదు. ఒక్కో మనిషి ఉసూరుమంటూ గేటు దాటినప్పుడల్లా తన ఉద్యోగం ఒక మెట్టు గట్టిపడుతోంది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. అత్తగారు “వంట్లో బాలేదా?” అంటే “బానే ఉందండి, పర్మినెంటు అవబోతోంది,” అని లేచిపోయేది. వీధిలో ఎదురైనవాళ్లు పలకరించడం మానేశారు. ఒకావిడ మాత్రం ఆగి, “కుర్సీ పోయి స్టూలొచ్చేసరికే నీకు మేం కనపడటం మానేశామమ్మా,” అనేసి వెళ్లింది. వీరవేణి ఆ రోజు ఇంటికి పోయేదాకా ఏడుస్తూనే నడిచింది.

నెల చివరికి నాలుగు తప్పులు చేరాయి. కరెంటు పోవడం ముందుగా చెప్పనందుకు రెండు వేశారు. విజయరామరాజుగారి ఖద్దరు పంచె బంధువు మళ్లీ వస్తాడని రాస్తే రాకపోవడం ఒకటి. నాలుగోది మాత్రం నిజంగా ఆమె తప్పే. వెళ్లిపోతుందని రాసిన ఒక కొత్తకోడలు పట్టుదలగా గంటన్నర నిలబడి, పదకొండుసార్లు మొదటికి వచ్చి, పన్నెండోసారి కాగితం సాధించుకుని పోయింది. ఆ తప్పు వేయించుకుంటూ వీరవేణి నెలలో ఒక్కసారి నవ్వింది.

పరీక్షా కాలం ఆఖరి రోజు, మధ్యాహ్నం మూడున్నరకు ఎర్రంశెట్టి మంగాయమ్మ వచ్చింది. రేవు అవతల కొబ్బరి పీచుతో తాళ్లు పేనే మనిషి. మనవరాలికి హాస్టల్లో సీటొచ్చింది, ఆదాయ ధృవపత్రం ఆ సాయంత్రం అయిదింటిలోపు ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆమె రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ వీరవేణి ‘తిరిగి వెళ్లును’ అని రాసింది. రెండుసార్లూ ఒప్పే.

మూడోసారి కూడా రాసింది. చెయ్యి దానంతటదే రాసింది.

మంగాయమ్మ ఈసారి మీటలన్నీ ఎవరినో అడిగి నేర్చుకుని వచ్చింది. పేరు గడి దాటింది, ఊరు దాటింది. ముప్ఫై ఒకటి గడులు దాటింది. ఆఖరిది వేలిముద్ర. బొటనవేలు పెట్టింది. ‘ముద్ర సరిపోలేదు’ అంది యంత్రం. ఇంకోసారి పెట్టింది. నలభై ఏళ్లు పీచు లాగిన వేళ్లకు గీతలెక్కడివి? అంగుష్ఠ వాళ్ల నమూనా బొటనవేలు ఎప్పుడూ తాడు పేనలేదు మరి.

“ఇదేటమ్మా, నా సెయ్యి నాది కాదంటంది?” అంది మంగాయమ్మ. ఎవరినీ అడగలేదు, యంత్రాన్నే అడిగింది. తెర మీద సెకన్లు తరుగుతున్నాయి. ఆవిడ రెండు చేతులూ చీరకు తుడుచుకుని, ఇక చాలన్నట్టు వెనక్కి తిరిగింది.

వీరవేణి లేచింది. స్టూలు కిందపడింది. “ఆగండి పెద్దమ్మగారూ,” అంటూ మంచినీళ్ల కుండ దగ్గరికి పోయి చెంగు తడిపి తెచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంగరపు వేలు గట్టిగా తుడిచింది. “బొటనేలు వద్దండి, ఈ ఏలు పెట్టండి. నొక్కొద్దు, ఊరికే ఆనించండి.” యంత్రం ఒక్క క్షణం ఆలోచించి, ముద్ర అంగీకరించింది. కాగితం బయటికి వచ్చింది. మంగాయమ్మ దాన్ని రవికెలో దోపుకుని, వీరవేణి చెంప నిమిరి, రేవు వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

సత్యానందం రిజిస్టరు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. “ఎంత పని చేశావమ్మా! అయిదో తప్పు. ఇంకో గంటన్నర కూర్చుంటే పర్మినెంటు కదా. పోనీ నేను చూడలేదనుకో, రాసిందాన్ని దిద్దేస్తాను.”

“కొట్టివేతలు చెల్లవు కదండి,” అంది వీరవేణి. వరస వైపు చూసింది. “ఇంకా ఎంతమంది ఉన్నారండి?”

“పదకొండు మంది.”

“అయితే ఇంకో పదకొండు తప్పులు వేసుకోండి,” అని ఆమె యంత్రం పక్కకు వెళ్లి నిలబడింది. “రండి బాబాయిగారూ, మీరెవరి తాలూకండీ?”

సత్యానందం స్టూలు నిలబెట్టి, దాని మీద తానే కూర్చున్నాడు. తొలగింపు నివేదిక అచ్చు కాగితం తీశాడు. అది కూడా బీరువాల కాలం నాటిదే. సాధనం పేరు రాశాడు, తేదీ వేశాడు. ‘లోపము యొక్క స్వభావము’ అన్న గడి దగ్గర ఆయన కలం ఆగింది. పక్కన పదకొండు మందీ ఒకరి వెనక ఒకరు కాగితాలు తీసుకుని వెళ్లేదాకా ఆగే ఉంది. ఆఖరాయన గేటు దాటాక, అయిదు కొట్టాక, ఆయన తలుపు వేయడానికి లేస్తూ ఆ గడి నింపి సంతకం పెట్టాడు.

‘సాధనము మనిషివలె ప్రవర్తించుచున్నది.’